ప్రింటు నొక్కాక పోయిన కరెంటు

మా మరిది ఆ మాట అన్నది పొద్దున్న ఎనిమిది గంటలకి, మా కొట్టు పక్క టిఫిను హోటల్ అరుగు మీద, పదిమంది ఇడ్లీలు తింటూండగా. అంత నిక్కచ్చిగా గుర్తుపెట్టుకోవాలా అని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. అన్నవాళ్ళు ఎలాగూ మర్చిపోతారు. పడ్డవాళ్ళు కూడా మర్చిపోతే అనడం మరీ చవకైపోతుంది.

"మా వదిన కొట్లో కంప్యూటరు ముందు కూర్చోడమంటే మైకు ముందు కూర్చోడమేనండి," అన్నాడు. "పొద్దున్న అక్కడ నొక్కితే సాయంత్రానికి మీ పొలం గట్టు మీద వినబడుద్ది."

అందరూ నవ్వారు. గోడకి ఇవతల నేను షట్టరు ఎత్తుతున్నాను. నవ్విన వాళ్ళలో నలుగురి దరఖాస్తులు ముందురోజే నా చేత్తో నింపాను. ఆ నలుగురూ ఎవరో నాకు తెలుసు.

పాలకొల్లు బస్టాండు వెనక వీధిలో నాకో నెట్ సెంటరు ఉంది. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను. పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నాను. ఇన్నేళ్ళలో జనం నా ముందు పెట్టని కాగితం లేదు. ఆధార్ కార్డులు, పొలం పాస్‌పుస్తకాలు, తప్పిన పరీక్షల మార్కులు, ఇంట్లో చెప్పకుండా పెట్టుకున్న ఉద్యోగం దరఖాస్తులు. ఫోనుకొచ్చిన ఓటీపీని పేరంటానికి పిలిచినంత గట్టిగా చదివి వినిపిస్తారు. నేను విన్నది విన్నచోటే వదిలేస్తాను. నా కొట్లో సరుకంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

దానికి తోడు, వచ్చిన ప్రతి మనిషికీ బ్రౌజరులో ప్రైవేటు విండో తెరిచి ఇచ్చేదాన్ని. మూసెయ్యగానే అందులో చేసిన పనంతా మర్చిపోయే కిటికీ అది. ఊళ్ళో మిగతా మూడు సెంటర్ల వాళ్ళూ అంత శ్రమ పడరు. నేను పడేదాన్ని. పడ్డందుకు దక్కింది ఈ మైకు.

జరిగింది ఇది. మా మరిది అంటే మా ఆయన పెదనాన్నగారి అబ్బాయి. తన మూడెకరాల వరిచేనుని రొయ్యల చెరువు చేద్దామని రెండేళ్ళుగా ఆయన కోరిక. చెరువు తవ్వాలంటే అనుమతి కావాలి. పక్క పొలం వాళ్ళు అభ్యంతరం పెడితే ఆ అనుమతి ఏళ్ళ తరబడి నానుతుంది. పక్క పొలం ఒక పెద్దాయనది. చెరువులోని ఉప్పునీరు ఊటగా దిగితే తన వరి చస్తుందని ఆయన భయం. న్యాయమైన భయమే. అందుకని మా మరిది ఆ పెద్దాయనకి తెలిసేలోపే అనుమతి కాగితం చేతికి తెచ్చుకోవాలనుకున్నాడు.

దాళ్వా, అంటే రెండో పంట, కోతలైపోయి కాలవలు కట్టేసిన రోజులు. మా మరిది మధ్య కంప్యూటరు ముందు కూర్చున్నాడు, నేను ప్రైవేటు విండో తెరిచాను, ఆయన చెబుతుంటే దరఖాస్తు తెలుగులో నింపాను. సర్వే నంబరు, నాలుగు పక్కలా హద్దులు. తూర్పు హద్దు దగ్గర పెద్దాయన పేరు. అన్నీ అయ్యాక ప్రింటు నొక్కాను. కాగితం ఎలా వస్తుందో ముందుగా చూపించే పెట్టె తెర మీదికి వచ్చింది.

"ఒకటి చాలా, రెండు తీద్దామా వదినా?" అని ఆయన అడుగుతూండగా కరెంటు పోయింది.

నా ఇన్వర్టరు ఫ్యానుకీ లైటుకీ మాత్రమే. భోంచేసి వస్తానని ఆయన వెళ్ళిపోయాడు. అరగంటకి కరెంటు వచ్చింది, కంప్యూటర్లు వాటంతటవే లేచాయి. నేను జిరాక్సు మిషను దగ్గర ఎవరివో సర్టిఫికెట్లు తీస్తున్నాను. అప్పుడే ఆ పెద్దాయన బ్యాంకు వాళ్ళడిగిన కాగితమేదో కావాలని వచ్చాడు. "మధ్యదాని ముందు కూర్చోండి, వస్తున్నాను," అన్నాను. రెండు నిమిషాల తర్వాత తిరిగి చూసేసరికి లేచి నిలబడి ఉన్నాడు. "రేపొస్తానండి," అని వెళ్ళిపోయాడు, పని కాకుండానే. నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మా మరిది తిరిగొచ్చాక దరఖాస్తు మళ్ళీ నింపి ప్రింటు తీసిచ్చాను, ఆయన ఆఫీసులో ఇచ్చాడు. నాలుగో రోజున అక్కడ పెద్దాయన అభ్యంతరం పడింది. ఐదో రోజు పొద్దున్న మా మరిది హోటల్ అరుగెక్కాడు.

ఆ రోజే అడిగాను. "నేను చెప్పానని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి వదినా? ఆ దరఖాస్తు సంగతి తెలిసింది ముగ్గురికి. నాకు, మీకు, దేవుడికి. దేవుడు వెళ్ళి పెద్దాయనతో కబుర్లాడడు కదండీ."

"కంప్యూటరు చూపించి ఉండొచ్చు."

"కంప్యూటరుకి మా గట్టు తగాదా ఏం తెలుసండి?"

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "వాడు నా తమ్ముడు, నువ్వు నా భార్యవి, నేనేం మాట్లాడినా ఒకరికి కోపం," అని పేపరు తీసుకున్నాడు. ఏం మాట్లాడకపోయినా ఒకరికి కోపం వస్తుందని ఆయనకి తట్టలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట కొట్లో జనం లేనప్పుడు పరీక్షలు మొదలుపెట్టాను. ప్రైవేటు విండోలో ఒక దరఖాస్తు నింపడం, వెళ్ళి మెయిన్ స్విచ్చి దించడం, మళ్ళీ ఎత్తడం, ఏం కనబడుతుందో చూడడం. మొదటి రోజంతా ఏమీ కనబడలేదు. కిటికీ చెప్పినట్టే మర్చిపోయింది. అయితే మెయిన్ స్విచ్చి మా కొట్టుకీ హోటలుకీ కలిపి ఒక్కటే. మూడోసారి దించేసరికి హోటలాయన చేతులకి పిండితోనే వచ్చాడు.

"మేడం గారండీ, గ్రైండర్లో పిండి సగంలో ఉందండి. తీసేముందు ఓ కేక వెయ్యండి."

"కేక వేసి తీస్తే కరెంటు పోయినట్టు ఎలా అవుతుందండి? కరెంటాఫీసు వాళ్ళు మీకు కేక వేసి తీస్తున్నారా?"

"వాళ్ళని ఏమీ అనలేకేగా మీ దగ్గరికొచ్చానండి."

రెండో రోజు నాకు ఆ ప్రశ్న గుర్తొచ్చింది. ఒకటి చాలా, రెండు తీద్దామా. ప్రింటు పెట్టె తెర మీద ఉండగా స్విచ్చి దించాను. ఎత్తాను. కంప్యూటరు లేచింది. కిందటిసారి సరిగ్గా మూసుకోలేదు, పేజీలు మళ్ళీ తెరవమంటారా అని బ్రౌజరు అడిగింది. అవునన్నాను. మర్చిపోవలసిన దరఖాస్తు అక్షరం పొల్లుపోకుండా నా ఎదురుగా నిలబడింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ వచ్చింది. గోడ అవతల హోటలాయన ఏదో అన్నాడు, నేను వినిపించుకోలేదు.

తర్వాత తెలిసిన కారణం చెబుతాను. ప్రింటు పెట్టె తెరిచినప్పుడు బ్రౌజరు ఆ పేజీ నకలొకటి పక్కన రాసిపెట్టుకుంటుంది. ప్రింటు అవగానే దాన్ని చెరిపేస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే చెరిపే దిక్కు ఉండదు. లేచాక, ఆ నకలు ప్రైవేటు విండోదన్న సంగతి మరిచి, మామూలు పేజీలతో కలిపి వడ్డించేస్తుంది. దీన్ని తయారుచేసిన వాళ్ళ ఊళ్ళో ప్రింటు నొక్కాక కరెంటు పోవడం అనేది బహుశా ఉండదు.

పెద్దాయన్ని ఆయన చేను గట్టు మీదే పట్టుకున్నాను. దాచలేదు.

"మీరు చెప్పలేదండి. నాకు తెలుసు కదండీ. తెరవమంటారా అని అదే అడిగిందండి, తెలుగులో. అంత మర్యాదగా అడిగితే వద్దంటామా? అవునని నొక్కాను. చూస్తే హద్దుల్లో నా పేరు. నా పేరు కనబడ్డాక చదవకుండా ఎలా ఉంటానండి? చదివి మూసేశానండి."

"ఈ ముక్క హోటల్ దగ్గర చెప్పండి చాలు."

"ఎలా చెప్పమంటారండి? పరాయివాళ్ళ కాగితం చదివాడంటారు. ఈ వయసులో దొంగచూపుల పేరు నాకెందుకండి?"

"మరి చాడీల పేరు నాకెందుకండి?"

ఆయన నిజాయితీగానే జవాబు చెప్పాడు. "మీకు ఎలాగూ పడిపోయింది కదండీ."

ఇక నాకు మిగిలింది ఒకటే దారి. మధ్యాహ్నం పూట నలుగుర్ని పిలిచి, స్విచ్చి దించి ఎత్తి, చూపించడం. పది నిమిషాల పని. నా మీద నింద ఆ పది నిమిషాల్లో పోతుంది. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న పొలం కాలవ చివర ఉండేది. కాలవ నిండుగా పారుతున్నప్పుడు గట్టుకి ఎండ్రకాయ బొరియ పడి నీళ్ళు ఊరుతూంటే, చూసినవాడు ఊళ్ళోకొచ్చి అరవకూడదు. అది మా వైపు పద్ధతి. లస్కరుకి, అంటే గట్టు చూసుకునే గవర్నమెంటు మనిషికి, కబురు చెయ్యాలి. ఆయన ఇసక బస్తాలు తెచ్చేదాకా అక్కడే నిలబడాలి. ఊళ్ళో అరిస్తే సాయానికి ముందు గడ్డపార వస్తుంది. తన చేను మునక్కుండా గండి అవతలివాడి వైపు పడితే బాగుండునని కోరుకునేవాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. మా నాన్న ఒకసారి మధ్యాహ్నం భోజనం మానేసి, సాయంత్రం దాకా బొరియ మీద కాలు వేసి నిలబడ్డాడు. ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోవాలంటే తెలియాలి కదా.

ఊళ్ళో మిగతా మూడు సెంటర్లలోనూ అదే బ్రౌజరు. స్విచ్చి ఎవరికైనా అందుతుంది. నేను నలుగురికి చూపిస్తే వారంలో నలభై మందికి తెలుస్తుంది. అప్పుడు ఎవరి బ్యాంకు పేజీ ఎవరి ముందు లేస్తుందో చెప్పలేం. నా పేరు కడుక్కోడానికి ఊరందరి కాగితాలు తడపాలి. అంత కోపం నాకు మా మరిది ఒక్కడి మీదే ఉంది, ఊరి మీద లేదు.

ఆ బ్రౌజరు తయారుచేసే సంస్థకి ఇలాంటి లోపాలు చెప్పడానికి ఒక చోటుంది. రహస్యంగా మాకు చెప్పండి, మేం సరిచేసేదాకా, లేదా తొంభై రోజులదాకా, ఎవరికీ చెప్పకండి అని అందులో రాసి ఉంది. బాధ్యతగా తెలియజేయడం అంటారట దాన్ని.

అర్జీలు రాయడం నాకు కొత్త కాదు. కరెంటాఫీసుకి, మునిసిపాలిటీకి, గ్యాసు వాళ్ళకి రాసినవాటి నకళ్ళు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, జరిగింది వరసగా రాసి, కింద నా చిరునామా, తేదీ, సంతకం బొమ్మ పెట్టి, అందినట్టు రసీదు ఇవ్వవలసిందిగా కోరి పంపాను. రసీదు ఒక్క సెకనులో వచ్చింది. నా జీవితంలో ఏ ఆఫీసూ అంత తొందరగా రసీదు ఇవ్వలేదు. అప్పుడే అనుమానించాను.

పదకొండో రోజున జవాబు. "ఈ లోపం వాడుకోవాలంటే మీ కంప్యూటరు ముందు వేరొకరు వచ్చి కూర్చోవాలి. అది మా పరిధిలోకి రాదు. మూసివేస్తున్నాం." కంప్యూటరు ముందు వేరొకరు కూర్చోవడం వాళ్ళకి దొంగతనంలా కనబడింది. నా కొట్లో అది వ్యాపారం. ఒక మనిషికి ఒక కంప్యూటరు ఉంటుందని మీరెలా అనుకున్నారు, మా ఊళ్ళో ఒక్కో కంప్యూటరు ముందు రోజుకి ఇరవైమంది కూర్చుంటారు అని పై అధికారికి అప్పీలు రాశాను. పై అధికారి ఉన్నాడో లేడో తెలియదు. ఎక్కడైనా ఉంటాడు.

రెండో జవాబు: "ప్రయత్నించాం, మాకు అలా జరగలేదు." ఎలా ప్రయత్నించారని అడిగాను. బ్రౌజరుని హఠాత్తుగా మూసి చూశారట. కరెంటు తీశారా అని అడిగాను. ల్యాప్‌టాప్ అన్నారు. అయితే బ్యాటరీ ఊడదీసి, ప్రింటు పెట్టె తెర మీద ఉండగా ప్లగ్గు పీకండి అని రాశాను. వీడియో కూడా తీసి పంపాను. అందులో స్విచ్చి దించగానే గోడ అవతలి నుంచి "మళ్ళీ తీశారండీ" అని హోటలాయన గొంతు స్పష్టంగా వినబడుతుంది. అది పరీక్షలో భాగం కాదని కింద రాశాను.

ఈలోగా నా కొట్టు సంగతి. మైకు అన్న మాట హోటల్లో ఆగలేదు. ఒకావిడ వచ్చి, నాకూ తెరకీ మధ్య పైట చెంగు అడ్డం పట్టుకుని పాస్‌వర్డు కొట్టింది. ఆవిడ పాస్‌వర్డు ఆరేళ్ళ కిందట నేనే పెట్టి ఇచ్చాను. పదేళ్ళుగా నా దగ్గరికే వచ్చే మాస్టారు ఒకాయన రోడ్డుకి అవతల నుంచే నమస్కారం పెట్టి, జంక్షన్లో సెంటరుకి వెళ్ళిపోయాడు. అక్కడ ప్రైవేటు విండో కూడా తెరవరు. ఆయన కాగితాలు భద్రంగా ఉండాలనే నేను నోరు మూసుకున్నానన్న సంగతి ఆయనకి తెలియదు. తెలియకుండా ఉండడమే నా పని అయింది. ఉన్న కొద్దిమందికీ "ప్రింటు మీరు నొక్కకండి, నేను నొక్కుతాను" అని చెప్పి, కాగితం బయటికొచ్చేదాకా పక్కనే నిలబడేదాన్ని. చూశారా, పక్కనే నిలబడి చదువుతోంది అన్నారు.

మా మరిదికి ఒక్కసారి చెప్పబోయాను. "నాకు తెలిసింది, కానీ ఇప్పుడు చెప్పకూడదు. కొన్నాళ్ళాగు."

"ఆయ్, అలాగేనండి. మంచి కథ కుదిరాకే చెప్పండి," అన్నాడు.

కాలవలకి నీళ్ళు వదిలారు. ఆకుమళ్ళు పోశారు. ముప్పై ఎనిమిదో రోజున మూడో జవాబు వచ్చింది. బ్యాటరీ తీసి చూశారట, జరిగిందట. చాలా మంచి పరిశోధన అని మెచ్చుకున్నారు. చివరన ఒక గడి: తీవ్రత, తక్కువ.

మా మరిది మాట కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ గుచ్చుకుంది. ఆయన ఇడ్లీ తింటూ అన్నాడు. వీళ్ళు ఆలోచించి రాశారు. తక్కువ ఎవరికి అని అడుగుతూ రెండు పేజీలు పంపాను. మధ్యస్థం చేశారు. ఒప్పుకున్నాను, కానీ నాకు సమ్మతం కాదని కింద రాసి ఒప్పుకున్నాను.

సార్వా, అంటే తొలి పంట, నాట్లు సగం పడ్డాక, ఎనభై ఒకటో రోజున, కొత్త బ్రౌజరు వచ్చింది. ముందు నా మూడు కంప్యూటర్లలో వేసి, స్విచ్చి దించి చూశాను. ఏమీ లేవలేదు. తర్వాత మిగతా మూడు సెంటర్లకీ వెళ్ళి, కొత్తది వేసుకోండని చెప్పాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. వారం ఆగాక ప్రకటన వెలువడింది. నాలుగు వాక్యాలు: ఫలానా పరిస్థితిలో ప్రైవేటు విండోలోని పేజీ తర్వాత కూర్చున్నవారికి కనబడే అవకాశం ఉండేది, సరిచేశాం. కింద, కనిపెట్టినవారు అని ఒక పేరు.

పేరు నాది కాదు. మా ఇంటిపేరు. వాళ్ళ ఫారంలో రెండు గళ్ళుంటే, మనం ఎప్పుడూ రాసే వరసలో మొదటి గడిలో ఇంటిపేరు, రెండోదానిలో నా పేరు రాశాను. వాళ్ళు మొదటి గడిలో ఉన్నదొక్కటే అచ్చువేస్తారట. సవరించమని రాశాను. పరిశీలిస్తామన్నారు. ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను.

ప్రకటన వచ్చిన మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి దాని కాపీలు రెండు తీసుకుని హోటలుకి వెళ్ళాను. మా మరిది ఉన్నాడు. పెద్దాయన కూడా పెసరట్టు తింటున్నాడు, వేరే బల్ల దగ్గర. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా తినడం అలవాటు చేసుకున్నారు. నేను నిలబడే నాలుగు వాక్యాలూ తెలుగులో చెప్పాను. కరెంటు, ప్రింటు పెట్టె, తర్వాత కూర్చున్నవాళ్ళు. హోటలాయన గరిటె ఆపి విన్నాడు.

"అందుకాండీ ఆ స్విచ్చి," అన్నాడు.

పెద్దాయన చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం పైనుంచి కిందిదాకా చూశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. అయినా అచ్చులో ఉన్నందుకు ధైర్యం వచ్చినట్టుంది.

"నాకు కనబడిందండి ఆరోజు," అన్నాడు అందరూ వినేలా. "నేను చూళ్ళేదు, అదే చూపించింది. మేడం గారు జిరాక్సు దగ్గర ఉన్నారు. ఆవిడ నోరు మెదపలేదండి."

మూడు నెలలు నేను ఎదురుచూసిన మాట అది. ఇంతా చేస్తే ఊపిరి తీసినంత సేపట్లో అయిపోయింది.

మా మరిది కాగితం లాక్కుని చూశాడు. కింద పేరు దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. మొహం విచ్చుకుంది.

"ఇది మన ఇంటిపేరు కదా వదినా? చూశారా అండీ, అమెరికా వాళ్ళ కంప్యూటర్లో తప్పు పట్టింది మా వాళ్ళు." కాగితం పక్క బల్లకి చూపించాడు.

"ఇంటిపేరు మీ అన్నయ్యది," అన్నాను. "తప్పు పట్టింది నేను. నువ్వన్నది నన్ను. ఎక్కడ కూర్చుని అన్నావో అక్కడే కూర్చున్నావు. దానికి జవాబు చెప్పు."

"పరువు పెరిగింది కదండీ, ఇంకా అదెందుకు?"

"పెరిగింది నీది. నాది ఇంకా ఇక్కడే ఉంది."

ఎవరూ తినడం లేదు. ఆయన సాంబారు గిన్నెలోకి చూశాడు, వీధిలోకి చూశాడు.

"పొరపాటైంది వదినా. మీరు చెప్పలేదు."

"అన్నారండి. నేను విన్నాను," అన్నాడు హోటలాయన. సాక్ష్యం కోసం కాదు, దోసె మాడుతోందని.

మధ్యాహ్నం మా మరిది కొట్టుకి వచ్చాడు. పెద్దాయన అభ్యంతరానికి జవాబు దాఖలు చెయ్యడానికి ఆ రోజే ఆఖరి గడువు. మూడు కంప్యూటర్లూ ఖాళీగానే ఉన్నాయి. జంక్షనుకి వెళ్ళిన వాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. ఆయన మధ్యదాని ముందు కూర్చున్నాడు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటూండగా, మాట్లాడుతూనే, చేత్తో తెరని తనవైపు ఇంత తిప్పుకున్నాడు. తెలిసి చేశాడనుకోను. నా కొట్టుకొచ్చే వాళ్ళందరికీ ఆ మూడు నెలల్లో పడ్డ అలవాటు అది.

"ఇటు తిప్పు," అన్నాను. "టైపు చేసేది నేను."

తిప్పాడు. నేను కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ఆయన చెప్పేదాకా ఆగాను. ఒకసారి వీధిలోకీ, ఒకసారి గోడ అవతలికీ చెవి పెట్టి, గొంతు తగ్గించి, ఆయన తన తూర్పు హద్దు దగ్గర మొదలుపెట్టాడు.